బోవా పెట్టెకు వేడి ఎలా పెట్టాలి? హీటర్ కొనే ముందు ఇది వినండి

అమెరికాలో చలి మొదలైందంటే చాలు, పాములు పెంచుకునే మన తెలుగు కుర్రాళ్ల దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న వస్తుంది. "అన్నా, బోవా పెద్దదైంది, ఎనిమిది అడుగుల పెట్టె తీసుకున్నా. ఎన్ని వాట్ల బల్బు పెట్టమంటావ్?" అడగాల్సిన ప్రశ్నే. కానీ అది రెండో ప్రశ్న. దానికంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది: ఆ బల్బును ఆపేది ఎవరు? ఆపాల్సింది ఆపకపోతే ఏమవుతుంది? ఈ ఎపిసోడ్ మొత్తం దాని గురించే.

ముందుగా ఇండియాలో చూస్తున్నవాళ్లకి ఒక్క మాట. మన కొండచిలువ, జెర్రిపోతు, నాగుపాము, వీటిలో దేన్నీ ఇంట్లో పెంచకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. బోవా లాంటి విదేశీ జాతులకి కూడా 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అమెరికాలో అయితే ఒక్కో రాష్ట్రానికి, కొన్నిచోట్ల ఒక్కో ఊరికి ఒక్కో రూల్. అద్దె ఇంట్లో ఉంటే లీజు కాగితం కూడా చదవండి. చట్టం సంగతి ఇంతటితో వదిలేద్దాం. ఇక మీ ఇంట్లో చట్టబద్ధంగా ఒక పెద్ద బోవా ఉంది అనుకుని మాట్లాడతాను. ఏడెనిమిది అడుగుల ఆడ బోవా అనుకోండి.

పాముకి వేడి ఎందుకు కావాలో క్లుప్తంగా చెప్తా. మన ఒంట్లో పొయ్యి మనమే వెలిగించుకుంటాం, తిన్న అన్నంలో చాలా భాగం ఒంటిని వెచ్చగా ఉంచడానికే ఖర్చవుతుంది. పాముకి ఆ పొయ్యి లేదు. బయటి వేడిని తెచ్చుకుంటేనే తిన్న ఎలుక అరుగుతుంది, ఇన్ఫెక్షన్‌తో పోరాడే శక్తి వస్తుంది. చలిలో ఉంటే తిన్నది కక్కేస్తుంది, ఊపిరితిత్తులకి జబ్బు చేస్తుంది. 2010 జనవరిలో ఫ్లోరిడాలో గట్టి చలి వచ్చింది. అక్కడి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో స్థిరపడిపోయిన బర్మా కొండచిలువలకి శాస్త్రవేత్తలు రేడియో ట్రాన్స్‌మిటర్లు పెట్టి గమనిస్తున్నారు. అలాంటి పదింటిలో తొమ్మిది ఆ చలికి చచ్చిపోయాయి. అంత పెద్ద జంతువే కొన్ని రోజుల చలికి తట్టుకోలేకపోయింది.

అలాగని పెట్టె అంతా ఒకే వేడి ఉండకూడదు. ఒక కొస వెచ్చగా, ఇంకో కొస చల్లగా ఉండాలి. బోవాకి వెచ్చని కొసన పడుకునే చోటు 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, అంటే అమెరికా లెక్కలో 88 నుంచి 91 ఫారెన్‌హీట్. చల్లని కొసన 25 నుంచి 27, అంటే 77 నుంచి 81. రాత్రిపూట కొంచెం తగ్గినా ఫర్వాలేదు. కోళ్ల ఫారంలో బ్రూడర్ కింద కోడిపిల్లల్ని చూసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. చలేస్తే పిల్లలన్నీ బల్బు కింద గుంపుగా ముడుచుకుంటాయి, ఉడుకెక్కితే దూరంగా జరుగుతాయి. పాము కూడా అంతే, తనకి ఏది కావాలో తనే వెతుక్కుంటుంది. మీ పని ఏంటంటే, జరగడానికి ఒక చల్లని మూల ఎప్పుడూ మిగిలి ఉండేలా చూడటం. ఈ చల్లని మూల సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఇప్పుడు పెట్టె పెద్దదైతే లెక్క ఎలా మారుతుందో చూద్దాం. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. చిన్నప్పుడు ఉంచిన గాజు ట్యాంకు మూడడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు అనుకుందాం. ఆరు వైపులా కలిపితే 22.5 చదరపు అడుగులు. కొత్తది 8 అడుగులు, 2 అడుగులు, 2 అడుగులు. ఆరు వైపులా కలిపితే 72 చదరపు అడుగులు. అంటే వేడి బయటికి పోయే గోడలు మూడు రెట్ల కంటే ఎక్కువయ్యాయి. పాత 100 వాట్ల బల్బునే తెచ్చి కొత్త పెట్టెలో పెడితే చాలదన్నమాట. ఇక్కడే అందరూ వేసే అడుగు ఏంటి? 250 వాట్ల బల్బు కొనేస్తారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ఎందుకో చెప్తా. సంక్రాంతికి భోగిమంట దగ్గర నిలబడ్డారు కదా. ముఖం, ఛాతీ కాలిపోతుంటాయి, వీపు మాత్రం వణుకుతుంటుంది. మనం అటు తిరిగి ఇటు తిరిగి కాచుకుంటాం. పెద్ద పాము పరిస్థితి కూడా అదే. చిన్న పామైతే చుట్ట చుట్టుకుంటే అరచేతిలో పడుతుంది, బల్బు వెలుగులో మొత్తం ఇమిడిపోతుంది. మీ చేతి మణికట్టు కంటే లావున్న బోవా చుట్ట చుట్టుకుంటే పెద్ద పళ్లెం అంత ఉంటుంది. బల్బు వేడి ఆ చుట్టలో పిడికెడు మేర మాత్రమే పడుతుంది. ఆ ఒక్కచోట చర్మం మాడుతుంటే మిగతా ఒళ్లు ఇంకా చల్లగానే ఉంటుంది. ఒళ్లంతా వెచ్చబడలేదు కాబట్టి పాము అక్కడి నుంచి కదలదు, గంటల తరబడి అలాగే ఉంటుంది. "కాలితే అదే పక్కకి పోతుందిలే" అనుకుంటాం. పోదు. పాములకి తగిలే కాలిన గాయాలు చాలావరకు ఇలా వచ్చేవే.

ఇంకో విషయం. బోవాలు చెట్లెక్కుతాయి. మీరు నేల మీద కొలిచి 32 డిగ్రీలు అని సంతోషపడతారు. అది కొమ్మ ఎక్కి బల్బుకి సగం దూరంలోకి వచ్చిందనుకోండి, చిన్న బల్బు లాంటి మూలం నుంచి దానికి తగిలే వేడి దాదాపు నాలుగు రెట్లవుతుంది. ఇంకా పైకెళ్లి బల్బునే చుట్టుకుంటుంది కూడా. వెలుతురు ఇవ్వకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ ఎమిటర్లు ఉన్నాయి చూశారా, 100 వాట్ల దాని ఉపరితలం 200 డిగ్రీలు దాటుతుంది. దోసె పెనం కూడా అంతే వేడి ఉంటుంది. కాబట్టి పెట్టె లోపల బల్బు ఏది పెట్టినా చుట్టూ ఇనుప జాలీ గూడు ఉండాల్సిందే. ఆ జాలీ బల్బుకి ఆనుకుని ఉంటే జాలీ కూడా కాలుతుంది, కాస్త ఎడం ఉండాలి.

మరి పెద్ద పెట్టెకి ఏది మంచిది? నా ఓటు పైకప్పుకి బిగించే రేడియంట్ హీట్ ప్యానెల్‌కే. పలకలా బల్లపరుపుగా ఉంటుంది, పాము చుట్టుకోవడానికి పట్టు దొరకదు. అదే 80 వాట్లు పిడికెడు బల్బులోంచి వస్తే ఒకచోట మాడుస్తుంది, రెండడుగుల పలకలోంచి వస్తే పరుచుకుంటుంది. చుట్ట చుట్టుకున్న పాము మొత్తానికీ తగులుతుంది. ఒక పెద్ద ప్యానెల్ కంటే రెండు చిన్నవి ఇంకా నయం. వెచ్చని సగంలోనే రెండూ పక్కపక్కన బిగించండి. ఒకటి పాడైతే రెండోది తెల్లారేదాకా లాక్కొస్తుంది. పగటిపూట హాలోజన్ ఫ్లడ్ లైట్లు వాడేవాళ్లూ ఉన్నారు. వాటి వేడి ఎండలాగా ఒంట్లోకి కాస్త లోతుగా దిగుతుంది, అది మంచి గుణమే. వాడాలనుకుంటే రెండు మూడు చిన్న బల్బులు వరసగా పెట్టి వెచ్చని చోటును వెడల్పు చేయండి.

కింద పెట్టే హీట్ మ్యాట్ గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తా. పెద్ద పాముకి వద్దు. బరువైన పాము దాని మీద పడుకుంటే ఆ వేడికి పైకి పోయే దారి ఉండదు, పాము పొట్టకీ మ్యాట్‌కీ మధ్య ఇరుక్కుని పెరిగిపోతుంది. పైన మందంగా కొబ్బరి పొట్టు పరిస్తే ఇంకా తప్పు. పొట్టు పైన చల్లగా ఉంటుంది, పాము వెచ్చదనం కోసం తవ్వుకుంటూ వెళ్లి నేరుగా మ్యాట్ మీదే పడుకుంటుంది. ఇక హీట్ రాక్ అని రాయిలా కనిపించే ఒక వస్తువు అమ్ముతారు, లోపల కరెంటు తీగ ఉంటుంది. అది కొనకండి అంతే.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. ఆపేది ఎవరు? థర్మోస్టాట్. అదేం చేస్తుంది? తీగ చివర ఉన్న చిన్న ప్రోబ్ చెప్పిన మాట వింటుంది. దానికి పాము కనపడదు, పెట్టె కనపడదు, ప్రోబ్ ఎంత అంటే అంతే. 32కి సెట్ చేశారు. రాత్రి పాము తీగని లాగింది, ప్రోబ్ ఊడి తలుపు సందులోంచి బయటికి వేలాడింది. గదిలో 18 డిగ్రీలు. పాపం థర్మోస్టాట్‌కి ఏం తెలుసు? "అయ్యో 18 ఉంది, ఇంకా వేడి కావాలి" అని హీటర్‌ని ఫుల్లుగా నడుపుతూనే ఉంటుంది. తెల్లారేసరికి పెట్టె పొయ్యి అయిపోతుంది. ఇందాక గుర్తుంచుకోమన్న చల్లని మూల కూడా మిగలదు. 40 డిగ్రీలు దాటిన పెట్టెలో తప్పించుకునే చోటు లేకపోతే పాము ఎంతోసేపు బతకదు.

ప్రోబ్ ఊడటం ఒక్కటే కాదు. పాము దాని మీద మూత్రం పోస్తే తడి ఆరేదాకా చల్లగా చూపిస్తుంది. నీళ్ల గిన్నె ఒలికినా అంతే. అందుకని ప్రోబ్‌ని స్క్రూతో, క్లిప్‌తో గోడకి గట్టిగా బిగించండి. తీగను కూడా ప్రతి జానెడుకీ ఒక క్లిప్ వేసి పట్టించండి. రెండున్నర మీటర్ల బోవాకి ఎంత బలం ఉంటుందో పట్టుకున్నవాళ్లకి తెలుసు. టేప్ మాత్రం వాడకండి. వేడికి జిగురు వదిలేస్తుంది, పైగా ఊడిన టేప్ పాముకి అతుక్కుంటే తీసేటప్పుడు పొలుసులు లేచొస్తాయి. పెట్టె లోపల ఏ పనికీ టేప్ వద్దు.

"గోడకి బిగిస్తే పాము పడుకునే చోటు వేడి ఎలా తెలుస్తుంది?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. థర్మోస్టాట్ మీద కనిపించే అంకె, పాము పడుకునే చోటి అంకె ఒకటే కానక్కర్లేదు. గోడ మీద ప్రోబ్ దగ్గర 29 ఉన్నప్పుడు కింద 32 వస్తోందా? అయితే థర్మోస్టాట్‌ని 29కే పెట్టండి. కింద చోటును ఇన్ఫ్రారెడ్ టెంపరేచర్ గన్‌తో కొలవండి. దాంతో పాటు థర్మోస్టాట్‌తో సంబంధం లేని ఇంకో డిజిటల్ థర్మామీటర్ లోపల ఉండాలి. పరీక్ష రాసినవాడే పేపర్ దిద్దుకుంటే ఎలా ఉంటుందో, థర్మోస్టాట్ స్క్రీన్ ఒక్కటే చూసి నమ్మడం అలా ఉంటుంది.

ఇంకా పెద్ద ప్రమాదం ఏంటంటే, థర్మోస్టాట్ లోపలి రిలే. కరెంటు కలిపి విడదీసే చిన్న స్విచ్చు అది. రోజుకి వందలసార్లు టక్ టక్ అని కొట్టుకునీ కొట్టుకునీ, ఒకరోజు దాని లోహపు ముక్కలు ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. అప్పుడు ప్రోబ్ సరిగ్గానే చెప్తుంది, స్క్రీన్ మీద కూడా ఎక్కువ వేడి అనే చూపిస్తుంది, కానీ కరెంటు ఆగదు. మన ఇంట్లో గీజర్ గుర్తు తెచ్చుకోండి. అందులో థర్మోస్టాట్ ఒకటి ఉంటుంది, అది పోతే ఆపడానికి వేరేగా కటౌట్ ఇంకోటి ఉంటుంది. ఒకే స్విచ్చుని నమ్ముకోవడం మంచిది కాదని గీజర్ తయారుచేసేవాళ్లకి తెలుసు. మనం కూడా అదే చేద్దాం. గోడ ప్లగ్‌లో ముందు మామూలు ఆన్-ఆఫ్ థర్మోస్టాట్ పెట్టండి. దాన్ని మీకు కావాల్సిన వేడి కంటే మూడు డిగ్రీలు ఎక్కువకి సెట్ చేయండి. దానికి మీ అసలు థర్మోస్టాట్‌ని తగిలించండి. దానికి హీటర్. రెండింటి ప్రోబ్‌లూ వేర్వేరు చోట్ల బిగించాలి, లేకపోతే ఒకేసారి రెండూ ఊడతాయి. మామూలు రోజుల్లో మొదటిది ఊరికే కూర్చుంటుంది. రెండోది చెడిన రోజున అది లేచి కరెంటు కట్ చేస్తుంది. వరస మాత్రం మార్చకండి. గోడ వైపు ఉండాల్సింది మామూలు ఆన్-ఆఫ్ రకమే. డిమ్మర్ రకాన్ని గోడ వైపు పెడితే అది కోసి పంపే కరెంటు రెండోదానికి పడదు.

రకాల మాట వచ్చింది కాబట్టి గబగబా చెప్పేస్తా. హాలోజన్ లాంటి వెలుగు బల్బుకి డిమ్మర్ రకం, ప్యానెల్‌కి, సిరామిక్‌కి పల్స్ రకం బాగుంటాయి. థర్మోస్టాట్ మీద ఎన్ని వాట్ల వరకు మోస్తుందో రాసి ఉంటుంది, మీ హీటర్లన్నీ కలిపినా దానికి బాగా లోపలే ఉండాలి.

ఇప్పుడు ఎన్ని వాట్లు అన్న ప్రశ్నకి సమాధానం చెప్పొచ్చు. కావాల్సినంత ఇచ్చేది, కానీ అతి తక్కువది. పది రెట్లు శక్తి ఉన్నది కొని థర్మోస్టాట్‌తో అదుపు చేద్దాం అనుకోవద్దు. అదుపు తప్పిన రోజున పది రెట్లు కాలుస్తుంది. వాట్లు తగ్గించాలంటే ముందు పెట్టెని, గదిని చూసుకోండి. గాజు కంటే పీవీసీ పెట్టె వేడిని బాగా ఆపుతుంది. లోపల సగటున 28 కావాలి, గది 18 ఉంటే తేడా 10. గదిని 22కి తెస్తే తేడా 6. బయటికి పోయే వేడి ఈ తేడాని బట్టే ఉంటుంది కాబట్టి పెట్టె హీటర్ మీద భారం 40 శాతం తగ్గినట్టే. గది తలుపు కింద సందు మూయడం, కిటికీ పక్క నుంచి పెట్టెని లోపలి గోడకి జరపడం, ఇవి పైసా ఖర్చు లేని పనులు.

గదికి స్పేస్ హీటర్ పెట్టేవాళ్లు ఒక లెక్క చూసుకోండి. అమెరికాలో మామూలు లైన్ 120 వోల్టులు, 15 ఆంపియర్లు. అంటే 1800 వాట్లు. గంటల తరబడి నడిచే వాటికి అందులో 80 శాతమే, అంటే 1440 వాట్లే వాడాలి. ఒక్క స్పేస్ హీటరే 1500 తింటుంది! దాన్ని పవర్ స్ట్రిప్‌లో గుచ్చి, అదే స్ట్రిప్‌లో పాము హీటర్ కూడా గుచ్చితే స్ట్రిప్ కరిగిపోవడానికి ఎక్కువసేపు పట్టదు. స్పేస్ హీటర్ ఎప్పుడూ నేరుగా గోడ ప్లగ్‌లోకే. పెట్టెకి వచ్చే ప్రతి తీగా ప్లగ్ కంటే కిందకి ఒక వంపు తిరిగి పైకి రావాలి, అప్పుడు ఒలికిన నీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి, ప్లగ్‌లోకి వెళ్లవు. బల్బు హోల్డర్ పింగాణీదే ఉండాలి, ప్లాస్టిక్‌ది కాదు. గదిలో స్మోక్ అలారం ఉందా, బ్యాటరీ ఉందా, ఇవాళే నొక్కి చూడండి. మన పాము మోజుకి పక్క అపార్ట్‌మెంట్ వాళ్ల ఇల్లు కూడా తగలబడకూడదు కదా.

అన్నీ బిగించాక వెంటనే పాముని పెట్టకండి. ఖాళీ పెట్టెని కనీసం రెండు రాత్రులు నడపండి. ఫోన్‌లో గంట గంటకీ అంకెలు రాసుకోండి, రెండు కొసలవీ. ఆ తర్వాత ఒక సెలవురోజు పగటిపూట, మీరు పక్కనే కూర్చుని ఒక పరీక్ష చేయండి. అసలు థర్మోస్టాట్ ప్రోబ్‌ని కావాలని బయటికి తీయండి. హీటర్ ఫుల్లుగా నడుస్తుంది. బ్యాకప్ ఏ వేడి దగ్గర ఆపుతుందో చూడండి. ఆపలేదా? చేత్తో ప్లగ్ లాగేయండి, అదృష్టవంతులు, పాము లోపల లేదు. ప్రతి చలికాలం ముందు పాముని వేరే డబ్బాలోకి మార్చి ఇదే పరీక్ష మళ్లీ చేయండి. నా లెక్కలో ఈ ఎపిసోడ్‌లో చెప్పినవాటన్నిట్లో ఇదే ముఖ్యం, ఇదే ఎవరూ చేయరు.

పాము పొట్ట కింద పొలుసులు ఎర్రగానో గోధుమ రంగులోనో మారినా, పొక్కులు కనిపించినా కాలిందేమో అని అనుమానించండి. పసుపు, టూత్‌పేస్ట్, నూనె లాంటి మన వంటింటి వైద్యం దయచేసి వద్దు. సరీసృపాలను చూసే వెట్ దగ్గరికి అదే రోజు తీసుకెళ్లండి. పాముకి కాలిన గాయం మానడానికి నెలలు పడుతుంది.

చివరగా కరెంటు పోతే? 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫానుకి 40 లక్షలకి పైగా ఇళ్లకి కరెంటు పోయింది, చాలామందికి రోజుల తరబడి రాలేదు. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు మొట్టమొదటి పని, హీటర్ ప్లగ్గులన్నీ లాగేయడం. వింతగా ఉందా? మీరు పెట్టె మీద దుప్పట్లు కప్పుతారు. అర్ధరాత్రి కరెంటు వచ్చేస్తుంది. దుప్పటి కింద హీటర్ వెలుగుతుంది. అర్థమైంది కదా. ప్లగ్గులు లాగాకే దుప్పట్లు. పూర్తిగా మూయకండి, కాస్త గాలి ఆడాలి.

చలి ఇంకా పెరిగితే పాముని గట్టి నూలు దిండు గలీబులో పెట్టి, మూతి ముడేసి, థర్మోకోల్ పెట్టెలో పెట్టండి. గోరువెచ్చని నీళ్ల సీసాలు తువ్వాలుతో చుట్టి పక్కన పెట్టండి, పాముకి నేరుగా ఆనించొద్దు. మూతకి గాలి రంధ్రాలు మర్చిపోకండి. తుఫాను వస్తోందని ముందే తెలిస్తే ఆ వారం మేత పెట్టకండి, ఒళ్లు చల్లబడితే కడుపులో ఎలుక అరగక కుళ్లుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద బోవా ఖాళీ కడుపుతో 20 డిగ్రీల దగ్గర ఒకటి రెండు రోజులు ఓర్చుకుంటుంది, కంగారుపడి పిచ్చి పనులు చేయొద్దు. బొగ్గుల కుంపటి, బార్బెక్యూ గ్రిల్, జనరేటర్, వీటిలో ఏదీ ఇంట్లోకి తేవద్దు. ఆ టెక్సస్ తుఫానులో చలి కాచుకోబోయి కార్బన్ మోనాక్సైడ్‌తో మనుషులే చనిపోయారు.

కరెంటు తిరిగొచ్చాక దుప్పట్లన్నీ తీసి, ప్రోబ్‌లు రెండూ వాటి చోట్లలోనే ఉన్నాయో లేదో వేలితో కదిపి చూసి, అప్పుడు ప్లగ్ పెట్టండి. పెట్టె వెచ్చబడ్డాకే పాము లోపలికి. మేత ఇంకో వారం ఆగి పెట్టండి.